పోయేటప్పుడే ఆగే బండి

బండిని మా వాకిట్లకు తెచ్చిన దినం మా అత్తమ్మ మంచం మీదికెల్లి లేవకుంటనే చూసి, "గిదేం బండిరా కొడుకా, గుర్రం పిల్ల లెక్క కాళ్లు పొడుగున్నయి," అన్నది.

నిజంగనే గట్లనే ఉండె. పొగగొట్టం కిందికి కాకుండ పక్కకు ఎత్తి ఉండె. ముందు రేకు చక్రానికి జానెడు మీద. టైర్లకు మొక్కజొన్న కంకి లెక్క గుబ్బలు. మట్టిల పందేలకు తోలిన బండి అని అమ్మినాయన చెప్పిండు. ఆయన కోస్తా దిక్కుకెల్లి వచ్చి సర్కారు ఫ్యాక్టరీల కొలువు చేసుకుంట కాలనీల ఉండేటాయన.

"బంగారంలాంటి బండండీ. మా అబ్బాయి ఎక్కడం మానేశాడు, ఊరికే పడుంది," అన్నడు.

"ఎందుకు మానేసిండు?" అని అడిగిన.

"ఏదోనండీ. ఇష్టం పోయింది."

ఆయన భార్య తలుపు పట్టుకొని నిలబడ్డది. బండి గేటు దాటేదాక దాని దిక్కు చూడలేదు. నేను ఆ సంగతి మనసుల పెట్టుకున్న గాని నోటికి తేలేదు. ధర తక్కువకు వస్తున్నప్పుడు ఎక్కువ అడుగొద్దు. మూడో తరగతి దాక చదువుకున్నదాన్ని, గంత తెల్వి నాకున్నది.

బండి మాకు షోకుకు కాదు. మా పొలం నడుమకెల్లి మందుల కంపెనీ గోడ లేసి అప్పటికి ఎనిమిదేండ్లు. భూమి ఇచ్చిన ఇంటికొక కొలువు అన్నరు. ఇచ్చిన్రు, కాని టెంపరీ. ఎనిమిదేండ్ల సంది మా ఇంటాయన పొద్దున గేటు కాడ చీటీ తీసుకొని లోపలికి పోవుడు, పని లేకుంటే వాపసు వచ్చుడు. ఆ యేడు కొత్త ఆఫీసరు వచ్చి ఒక మాట అన్నడంట. దసరా నుంచి మూడు నెలలు చూస్త, ఆరు గంటల సైరన్‌కు లోపల ఉన్నోళ్లను పర్మినెంట్ చేస్త. ఆలస్యమైతే పేరు పక్కన ఎర్ర గీత. మూడు గీతలు పడితే పేరే కొట్టేస్త, మల్ల గేటు కాడికి రావద్దు.

మా ఊరికెల్లి ఆ యాళకు బస్సు లేదు. నాలా వెంబడి మట్టి బాట, తిరిగి తిరిగి పోతది. వానకు బురద, ఎండకు దుబ్బ. మామూలు బండి దాంట్ల దిగబడ్తది. గందుకే ఆ గుర్రం పిల్లను కొన్నం. భూమి పోయింది, కనీసం ఆ కొలువన్న పక్కా కావాలె. అది నా పంతం. ఆయన పంతమో కాదో నేను అప్పుడు అడగలేదు.

తెచ్చిన మూడో దినానికే బండి లోపలి రోగాలు బయటపడ్డయి. పటాన్‌చెరు రోడ్డు మీద రేకుల షెడ్డుల ఒక సాయిబు మిస్త్రీ ఉండేటోడు. ఆయన కాడికి తోలుకపోయి నేను గూడ పక్కనే పీట ఏసుకొని కూసున్న.

మిస్త్రీ ట్యాంకు కింద గోకిండు. బట్టల సబ్బు ఊడొచ్చింది. కారే చోట సబ్బు రుద్ది మీద రంగేసిన్రు. గేరు పెట్టె ఇప్పితే నూనెల రంపపు పొట్టు, చప్పుడు ఇనపడకుండ. ఆకరికి కిరసనాయిలు గుడ్డతోని ముందు పైపు తుడిచిండు. రంగు కింద రంగు, దాని కింద ఇంకో రంగు, దాని కింద ఎల్డింగు గడ్డ. ఈ చివరికెల్లి ఆ చివరి దాక.

మిస్త్రీ దాని మీద వేలు పెట్టి ఆ చివరి దాక జరిపిండు. "అక్కా, ఇది గట్టిగ తాకింది. గోడకో, లారీకో. తోలినోడు ఎట్లున్నడో అల్లాకెరుక."

నాకు ఆ తలుపు పట్టుకున్న ఆడామె యాదికొచ్చింది. "ఎల్డింగు గట్టిగ ఉన్నదా లేదా, గది చెప్పు," అన్న.

"మల్ల చేస్త. గట్టిగనే ఉంటది."

వారం దినాలు నేను ఆ షెడ్డుకు పోయిన. ఇప్పిన ప్రతి నట్టును గుడ్డల మూట కట్టి పెట్టుకున్న. కార్బరేటర్ల సన్న తూట్లు సాఫు చేసేటందుకు తీగ దొరకకుంటే మా ఇంటి చీపురు పుల్ల తెచ్చి ఇచ్చిన. మిస్త్రీకి విసుగొచ్చింది.

"ఇంటికి పో అక్కా, నేను దొంగను కాను."

"కావని తెలుసు. నట్టు పోవాల్నంటే దొంగే ఉండాల్నా?"

నవ్విండు. "అన్నా, నీ పెండ్లాం ఉండంగ నీకు తాళంచెవి ఎందుకు?" అన్నడు మా ఇంటాయనతోని. ఆయన నవ్వలేదు. బండి ముందల నిలబడి పొలం దిక్కు పోయే బాటను చూస్తున్నడు.

బండి బాగైంది. ఇస్మాయిల్‌ఖాన్‌పేట దుర్గమ్మ కాడికి తీస్కపోయి పూజ చేయించినం, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించినం. ఆనాటి నుంచి ప్రతి శుక్రవారం నేనే బండి కడిగి, వాకిలి కడపకు రాసినట్టే లైటుకు, హ్యాండిలుకు, ట్యాంకు మూతకు పసుపు రాసి కుంకుమ పెడ్తుంటి. ఒక్క శుక్రవారం తప్పలేదు. ఏ పనైనా పట్టినంక ఇడిచిపెట్టే అలవాటు నాకు లేదు.

పెట్రోలు గూడ నా చేతికెల్లే. సీసల కొలిచి పెట్టుకునేదాన్ని. రోజూ పొద్దున గంతే, ఒక చుక్క ఎక్కువ కాదు, తక్కువ కాదు. పోసి మూత నేనే బిగించేదాన్ని. ఆయన బిగిస్తే వదులుంటది, పెట్రోలు ఆవిరైపోతది. నేను బిగిస్తే మల్ల తీసేటోనికి చేతులు నొయ్యాలె.

మొదటి ఎర్ర గీత పడ్డది దసరా అయిన పదో దినమో పన్నెండో దినమో. ఇంటికొచ్చి చెప్పిండు. "మోరీ కాడ ఆగిపోయింది."

"ఏ మోరీ?"

"మన మోరీ."

ఆ మాటకు అత్తమ్మ మంచం మీద లేచి కూసున్నది. మోరీ అంటే నాలా మీద చిన్న కల్వర్టు. దాని పక్కన్నే మా పొలం ఉండె. గోడ బయటికి మిగిలిన మూల ముక్కల మా మోటబాయి ఉండె. కంపెనీవాళ్లు దాన్ని బూడిద పోసి, రాళ్లు పోసి పూడ్చిన్రు. గిప్పుడు ఆడ గుండ్రంగ కొంచెం ఎత్తు తప్ప ఏం లేదు. నాలాల నీళ్లు ఒక దినం పసుపు, ఒక దినం ఎర్ర, మీద తెల్లటి నురుగు. ఆడ కప్పలు అరవవు. బర్రెలు దాటుతయి గాని మూతి పెట్టవు. పొద్దుగాల ఆడికెల్లి పోతుంటే చెవులల్ల దూది పెట్టుకున్నట్టు ఉంటది.

మర్నాడు అదే చోట ఆగింది. ఆ మర్నాడు గూడ అదే చోట. ఒక గజం అటిటు. జర సేపు ఆగి కిక్కు కొడితే మల్ల లేస్తది. కంపెనీ దాక ఏం కాదు, ఆ దినాలు సైరన్‌కు ఎట్లనో అందుకున్నడు. పొద్దుమీకి వాపసు వచ్చేటప్పుడు అదే మోరీ, అదే బండి, ఆగదు.

"మూత తీసి పెట్రోలు ఉన్నదా అని చూస్త," అన్నడు ఆయన మెల్లగ. "తీయంగనే హుఁ... అని ఊపిరి లోపలికి గుంజుకుంటది. మనిషి లెక్క."

అత్తమ్మ రెండు చేతులు చెంపలకు పెట్టుకున్నది. "అది భూమే బిడ్డా. నిన్ను కంపెనీకి పోనిస్తలేదు. ఇంటికైతే రానిస్తున్నది, చూసినవా?"

"చాలు అత్తమ్మా, ఆపు," అన్న నేను. "భూమికి గంత ప్రేముంటే సంతకం పెట్టిన దినమే ఎందుకు ఆపలే?"

అన్న గాని, పోయేటప్పుడే ఆగుడు, వచ్చేటప్పుడు ఆగకపోవుడు నాకు గూడ మింగుడు పడలేదు. ఆయననే మిస్త్రీ కాడికి పంపిన. ఏం చేసిండో, నాలుగు దినాలు బండి ఎక్కడా ఆగలేదు. నేను మిస్త్రీని మెచ్చుకున్న. శనివారం పొద్దున మల్ల మోరీ కాడ ఆగింది.

ఆయన ఇంట్లకెల్లి జల్ది ఎల్లుడు షురు చేసిండు, ఆగినా సైరన్‌కు అందాల్నని. అయినా మంచు దట్టంగ పడ్డ ఒక పొద్దున రెండో గీత పడ్డది. ఆగుడు ఐదు నిమిషాలైతే ఆయన అరగంట ఆలస్యం ఎట్లైండు? నాకు లెక్క కుదరలేదు. అడిగితే, "లేవలేదు బండి," అన్నడు.

ఇగ నేనే చూద్దామని, మర్నాడు పెట్రోలు పోసి మూత బిగించి, ఆయన కంటే ముందు గట్ల మీదికెల్లి అడ్డం నడిచి పోయిన. గట్ల మీద సగం దూరమే. మోరీకి ఇవతల తుమ్మ పొద ఎనుక కూసున్న. తెల్లారుతున్నది గాని మంచుకు ఏం కానస్తలేదు. కంపెనీ దిక్కుకెల్లి కుళ్లిన మందుబిల్లల వాసన. చప్పుడే లేదు.

బండి చప్పుడు దూరంకెల్లి వచ్చింది. దగ్గరికొచ్చింది. నీళ్లల్ల మునిగినట్టు రెండుసార్లు గుటగుటమన్నది, ఆగింది. మంచుల ఆయన నీడ దిగింది. మూత తిప్పిండు. నేను ఇన్న. హుఁ... అని. పొడుగ్గ, లోపలికి.

మూత పెట్టినంక కిక్కు కొడ్తడనుకున్న. కొట్టలేదు. చెప్పులు ఇడిచిండు. బాయి పూడ్చిన ఎత్తు మీదికి పోయి గొంతుకూసున్నడు. జర సేపైనంక నాలికెతోని టక్ టక్ అనబట్టిండు. తర్వాత, "హో... హో... మర్లు, మర్లు," అన్నడు. మోటకు ఎడ్లను తోలేటప్పుడు అనే మాట అది. కరెంటు మోటర్లు రాకముందటి మాట. మా ఎడ్లు పోయి ఎన్నేండ్లో. ఆయన ముందల మంచు తప్ప ఏం లేదు. కాని ఆయన తల మాత్రం మెల్లగ తిరుగుతున్నది, ముందుకు పోయి ఎనుకకొచ్చే దేన్నో చూస్తున్నట్టు.

నేను లేవలేదు, పిలువలేదు. పిలిస్తే ఏది మర్లి చూస్తదో అని భయమైంది. జీవితంల నేను భయపడ్డది తక్కువ. ఆ దినం గట్టు మీద ఎట్ల నడిచి వచ్చిన్నో నాకే తెల్వదు.

అత్తమ్మకు చెప్పలేదు. కాని ఆ శుక్రవారం బండికి పసుపు ఇంకింత మందంగ పూసిన. మూత మీదైతే వేలితోని అద్ది అద్ది పెట్టిన, ఊపిరి గుంజుకునేది అదే గదా అని. నిమ్మకాయ కట్టిన. బండి ఆగుడు ఆగలేదు. మూడో గీతకు ఒక్కటే మెట్టు. మూడు నెలలకు ఇంక తొమ్మిది దినాలు.

మా ఇంట్ల మంచినూనె డబ్బాకు నేను ఒక్కటే తూటు పెడ్తుంటి. రెండు పెడితే నూనె దబదబ పడ్తది, చేయి ఆగదు. ఒక్కటైతే చుక్క చుక్క వస్తది, కూర గంతట్లనే అయితది. ఆ పగటాల అత్తమ్మ దీపంల నూనె పోద్దామని డబ్బా వంపింది. రెండు గుటకలు పడి ఆగింది. ఊపింది, పడలేదు.

"ఏమే, పిసినారిదానా!" అని పిలిచింది. "ఒక్క తూటుకు దానికి ఊపిరెట్ల ఆడ్తది? ఇటుకెల్లి గాలి పోతెనే గదా అటుకెల్లి నూనె వచ్చేది!"

మేకు తీసి ఇంకో దిక్కు రాయితోని కొట్టింది. డబ్బా హుఁ... అన్నది. నూనె ధారగట్టింది.

నా చేతుల బియ్యం చెరిగే చాట ఉండె. చాట కింద పెట్టి వాకిట్లకు పోయిన. ఆయనకు ఆ దినం వారపు సెలవు, బండి ఇంటికాడనే ఉండె. మూత మీద పసుపు పెచ్చులు గట్టి ఉండె, మూడు నెలల శుక్రవారాలు ఒకదాని మీద ఒకటి. చీపురు పుల్లతోని గోకిన. నడుమల, కుంకుమ బొట్టు కింద, సూది పోయేటంత తూటు ఉన్నది. పుల్ల పెట్టి తిప్పితే తడి పసుపు చుట్టుకొని వచ్చింది.

గప్పుడు అంతా కుదిరింది. పొద్దున నేను అదే కొలత పోసి ఉడుం పట్టు లెక్క బిగిస్త. గాలి లోపలికి పోదు. పెట్రోలు అంతే దూరం దాక దిగుతది, ఆగుతది, రోజూ అదే చోట. ఆయన మూత తీసి వదులుగ పెడ్తడు. ఇగ పొద్దుమీకి దాక దానికి ఊపిరి ఆడ్తది. దయ్యం లేదు, భూమి లేదు. ఆ మూతను బిగించింది నేను, పూడ్చింది నేను.

ఎవరికీ చెప్పలేదు. సిగ్గైంది. మర్నాడు పొద్దున పెట్రోలు పోసి, మూత పెట్టి, "నేను గూడ వస్త," అన్న.

"నువ్వెందుకే?"

"పటాన్‌చెరుల పనున్నది."

ఆయన నా మొకం చూసిండు. కిక్కు కొట్టిండు. ఎక్కిన. మంచుల పోతుంటే మోరీ దగ్గరికొస్తున్న కొద్దీ నేను సీటు గట్టిగ పట్టుకున్న. తుమ్మ పొద వచ్చింది. దాటింది. బండి గుటగుటమనలేదు, చప్పుడు మారలేదు. మోరీ మీదికెక్కినం. నాకు నవ్వొచ్చింది, ఏడుపు గూడ వచ్చింది.

అప్పుడు బండి ఆగింది.

చూస్తే ఆయన చేయి బ్రేకు మీద ఉన్నది. తాళంచెవి తిప్పి బంద్ చేసిండు.

"ఆగిందా?" అన్న, తెల్వనట్టు.

"ఆగలే. నేను ఆపిన." దిగి చెప్పులు ఇడిచిండు. "పసుపు గోకినవా?"

నేను మూత దిక్కు చూసిన.

"ఆ దినం మిస్త్రీ చెప్పిండు," అన్నడు. "సూదితోని పొడిచి చూపెట్టిండు గూడ. నాలుగు దినాలు ఆగలే, యాదికి లేదా? శుక్రవారం నువ్వు మల్ల పూసినవు. నేను ఊకున్న."

"తెలిసి ఊకున్నవా? రెండు గీతలు పడ్డంక గూడ?"

"ఊకె ఆగి కూసుంటే నాకే సిగ్గైతది. బండి ఆగిందంటే నా తప్పు కాదు గదా."

పోయి ఎత్తు మీద కూసున్నడు. కంపెనీ దిక్కు దీపాలు మంచుల పసుపుపచ్చగ ఊగుతున్నయి. నా చేతికి గడియారం లేదు, కాని సైరన్‌కు ఎంతసేపు ఉన్నదో నా కడుపుకు తెలుస్తున్నది.

"మూడోది పడితే పేరు కొట్టేస్తరు," అన్న.

"ఎరుకే."

"ఎనిమిదేండ్లు చీటీ కోసం నిలబడ్డవు."

"నిలబడ్డ."

లెవ్వు అనాల్నని నోట్ల ఉన్నది. ఎందుకో రాలేదు. ఆ భూమి మీద నేను గూడ ఇరవయ్యేండ్లు వంగిన. పోయి ఆయన పక్కన కూసున్న. కింద మట్టి సల్లగ, మెత్తగ. బండి బాట మీద బంద్ అయి ఉన్నది, మూత బిగించి ఉన్నది, మాకు పది గజాల దూరంల.

గప్పుడు ఇనొచ్చింది. హుఁ... అని. పొడుగ్గ, లోపలికి. బండి కాడికెల్లి కాదు. మేం కూసున్న కిందికెల్లి.

ఆయన నా మొకం చూసిండు, నేను ఆయన మొకం చూసిన. ఇద్దరం ఇన్నం. ఆయన చేయి మెల్లగ మట్టి మీద పెట్టిండు, పసిపిల్ల పొట్ట మీద పెట్టినట్టు. జర సేపు అట్లనే ఉంచిండు. "బతికే ఉన్నదే," అన్నడు. తర్వాత లేచి, చెప్పులు తొడుక్కొని, ఒక్క కిక్కుతోని బండి లేపిండు. "ఎక్కు. జల్ది."

గేటు కాడ నన్ను దింపి లోపలికి పోయిండో లేదో సైరన్ మోగింది. మూడో గీత పడలేదు. మిగిలిన దినాలు ఆయన మోరీ కాడ ఆగలేదు, నేను అడగలేదు. నెల తిరక్కముందే పర్మినెంట్ కాయిదం ఇంటికొచ్చింది. నేనే కూడబలుక్కొని చదివిన, అత్తమ్మ రెండుసార్లు చదివించుకున్నది. ఆయన ఇని చేతులు కడుక్కునేటందుకు పోయిండు. ఎన్నో ఏండ్లు ఆ డ్యూటీ చేసి, కంపెనీ ఇచ్చిన నీలం చొక్కాతోనే రిటైరై దిగిపోయిండు.

బాయిల బూడిద కింద బోలు ఉంటది, వాన పడ్డంక జారుతది, గాలి గుంజుకుంటది. నూనె డబ్బా లెక్కనే. నేను గట్లనే అనుకుంట. బండి అమ్మేదాక శుక్రవారం పసుపు రాసిన, మూత మీద తూటు చుట్టూ, తూటు వదిలి. నూనె డబ్బాకు మాత్రం రెండు తూట్లు పెడుతున్న. కూరకు ఎక్కువైనా సరే. ఒక్క తూటు డబ్బా ఊపిరాడక గుంజుకునే చప్పుడు నేను ఇనలేను.